రాజమండ్రి నుంచి చందానగర్‌కు: రెండు కొత్త ఉద్యోగాలు, ఒక అద్దె ఇల్లు, ఏ పని ముందు ఏది తర్వాత

మీరు రాసింది క్లుప్తంగా ఇది. రాజమండ్రి నుంచి హైదరాబాదు వచ్చి మూడు వారాలైంది. ఇద్దరూ కొత్త ఉద్యోగాల్లో చేరారు. మీ ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, మీవారిది హైటెక్ సిటీలో. చందానగర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, అద్దె 24 వేలు, రెండు నెలల అడ్వాన్సు. సగం అట్టపెట్టెలు ఇంకా విప్పలేదు. గ్యాసు లేక ఇండక్షన్ పొయ్యి మీద నెట్టుకొస్తున్నారు. పప్పు ఎన్ని విజిల్స్ వేసినా ఉడకడం లేదు, రాత్రిపూట తిండి బయటి నుంచే వస్తోంది. పీఎఫ్, ఆధార్, బ్యాంకు, ఏపీ నంబరు బండి అన్నీ ఒకేసారి మీద పడ్డాయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అన్నారు.

ఈ పనులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ముడి ఎక్కడుందో చూసుకుని ఆ వరసలో వెళ్తే నెలన్నరలో తేలిపోతాయి. వరస తప్పితే ఒక్కో కాగితానికి మూడేసి సార్లు తిరగాలి. మీ విషయంలో ముందు అద్దె అగ్రిమెంటు, దాని మీద గ్యాస్ కనెక్షన్, గ్యాస్ బిల్లు మీద ఆధార్ అడ్రసు, ఆధార్ మీద మిగతావన్నీ. ఆఫీసు కాగితాలు మాత్రం వీటి కోసం ఆగవు. వాటి గడువులు వేరు కాబట్టి వాటినే ముందు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నాలుగు విషయాలు వదిలేయకూడదు. మొదటిది పీఎఫ్. చేరిన రోజు నింపే 11వ నంబరు డిక్లరేషన్ ఫారంలో పాత యూఏఎన్ (పీఎఫ్‌లో మీ శాశ్వత నంబరు) రాశారో లేదో ఇప్పుడే హెచ్‌ఆర్‌ను అడిగి చూసుకోండి. రాయకపోతే కొత్త యూఏఎన్ పుట్టే అవకాశం ఉంది. అప్పుడు రెండిటినీ కలపడం నెలల పని. పాత కంపెనీ మీరు మానేసిన తేదీని పీఎఫ్ పోర్టల్‌లో వేయకపోతే బదిలీ ముందుకు కదలదు. వాళ్లు వేయకపోయినా, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు. సామానుకో అడ్వాన్సుకో డబ్బు కావాలని పాత పీఎఫ్ తీసేయాలనిపిస్తుంది. తీయకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆ డబ్బు మీద పన్ను పడుతుంది. బదిలీ చేసుకుంటే పాత సర్వీసూ ఆ ఐదేళ్లలో కలుస్తుంది, పెన్షన్‌కు కావలసిన పదేళ్ల లెక్కలోనూ కలుస్తుంది.

రెండోది పన్ను. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అదీ మరుసటి జూలైలో గానీ తెలియదు. అంకెల్లో చూడండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పాత కంపెనీలో నెలకు లక్ష చొప్పున 5 లక్షలు, సెప్టెంబరు నుంచి కొత్త కంపెనీలో నెలకు లక్షా 30 వేల చొప్పున 9 లక్షల 10 వేలు వచ్చాయనుకుందాం. 2025-26 కొత్త పన్ను విధానంలో పాత కంపెనీ మీ ఏడాది జీతం 12 లక్షలని లెక్కేసి, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసి, రిబేటు (పన్ను మాఫీ) పరిధిలో ఉన్నారని ఏమీ కోయదు. కొత్త కంపెనీకి పాత జీతం సంగతి తెలియకపోతే అదీ 9 లక్షల 10 వేలే చూసి ఏమీ కోయదు. అసలు మొత్తం 14 లక్షల 10 వేలు, డిడక్షన్ పోను 13 లక్షల 35 వేలు. సెస్సుతో కలిపి పన్ను 83,460 రూపాయలు. ఇదంతా రిటర్ను వేసేటప్పుడు ఒక్కసారే కట్టాలి, పైన వడ్డీ. పాత కంపెనీ జీతం, కోత వివరాలను కొత్త కంపెనీకి ఇచ్చేస్తే ఇదే మొత్తం నెలనెలా కొంచెం కొంచెంగా పోతుంది. చాలా ఆఫీసుల్లో దీనికి ఒక ఫారం ఇస్తారు. పాత కంపెనీ చివరి పేస్లిప్పు, ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్కల) కాగితం ఉంటే నింపడానికి పది నిమిషాలు చాలు.

మూడోది ఆరోగ్య బీమా. ఆఫీసు గ్రూపు పాలసీలో భార్యనో భర్తనో తల్లిదండ్రులనో చేర్చడానికి చేరిన రోజు నుంచి కొద్ది రోజులే గడువిస్తారు, చాలాచోట్ల 30 రోజులు. అది దాటితే మళ్లీ పాలసీ రెన్యువల్ దాకా ఆగాలి. మీ ఇద్దరికీ చెరొక పాలసీ ఉంటుంది కాబట్టి ఎవరి కంపెనీలో తల్లిదండ్రులకు చోటుందో, ఎంత కోస్తారో ఇద్దరూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. మూడు వారాలు ఇప్పటికే అయిపోయాయి. ఈ ఉత్తరంలో ఈ రోజే చేయాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదే.

నాలుగోది మొదటి జీతం ఎప్పుడన్నది. చాలా కంపెనీల్లో పేరోల్ నెల 15, 20 తేదీల మధ్య మూసేస్తారు. ఆ తర్వాత చేరినవాళ్లకు మొదటి నెల జీతం రెండో నెల జీతంతో కలిపి పడుతుంది. అంటే చేరిన రోజు నుంచి 40, 45 రోజులు చేతి డబ్బుతోనే గడపాలి. ఈలోపు సోఫా, టీవీ యూనిట్ వాయిదాల మీద తెచ్చుకోకండి. మొదటి నెలలో నిజంగా కావలసినవి పరుపు, పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, రెండు ఫ్యాన్లు పనిచేయడం. మిగతా ఫర్నిచరు ఏ గోడకు పట్టేదీ, ఎండ ఏ వైపు నుంచి వచ్చేదీ ఇంట్లో రెండు నెలలు ఉన్నాక గానీ తెలియదు.

ఇక అగ్రిమెంటు. నోటిమాట మీద ఉంటున్నామని రాశారు. ఓనరు మంచివారే కావచ్చు, కాగితం మాత్రం ఈ వారంలోనే రాయించుకోండి. ఇక్కడ మామూలుగా అందరూ 11 నెలలకు రాస్తారు. అందులో ఉండాల్సిన మాటలు: అద్దె ఎంత, మెయింటెనెన్సు అందులో కలిసిందా వేరా, 11 నెలల తర్వాత ఎంత శాతం పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఏడాదిలోపు వెళ్లిపోతే ఏమవుతుంది, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. అన్నిటికంటే ముఖ్యం పెయింటింగు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకోవడం ఈ ఊళ్లో మామూలు. రెండు మూడేళ్లున్నా, ఎనిమిది నెలలున్నా అదే కోత పడుతుంది. ఎంతకాలం ఉంటే ఎంత కోత అని ముందే రాయించుకుంటే తర్వాత మాట పడక్కర్లేదు. గోడలోని పైపు పగిలితే ఓనరు, కుళాయి వాషరు పోతే మీరు అన్న గీత కూడా ఒక వాక్యంలో పెట్టించండి.

అగ్రిమెంటు నాడే ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. గోడల మీద మేకుల గుంతలు, బాత్రూము తలుపు కింద ఉబ్బిన చెక్క, వంటింటి సింకు కింద తడి, స్విచ్‌బోర్డులు, గీజరు, ఎగ్జాస్ట్ ఫ్యాను, ఒక్కో కిటికీ మెష్. కరెంటు మీటరు రీడింగు ఫొటో విడిగా తీయండి. అద్దె ఎప్పుడూ బ్యాంకు ద్వారానే వేయండి. ఒక జాగ్రత్త: చందానగర్, నల్లగండ్ల వైపు ఫ్లాట్ల ఓనర్లు చాలామంది అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దెలోంచి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత చట్టప్రకారం అద్దెకున్నవారిది, మామూలుగా 31.2 శాతం. వాళ్ల నాన్నగారి చేతికి అద్దె ఇస్తున్నాం కదా అనుకోవద్దు, ఫ్లాటు ఎవరి పేరున ఉందో చూడండి. అలాంటి ఓనరైతే సంతకానికి ముందే ఒక ఆడిటరును కలవండి.

గ్యాసుకు వద్దాం. రాజమండ్రిలో మీ పేరున కనెక్షన్ ఉంటే అక్కడి ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచరు తీసుకోవాలి. అప్పట్లో కట్టిన డిపాజిట్టు తిరిగిస్తారు. ఇక్కడి ఏజెన్సీలో ఆ వోచరు, అగ్రిమెంటు చూపించి డిపాజిట్టు కడితే కొత్త సిలిండరు ఇస్తారు. మొదటిసారి కనెక్షన్ ఇచ్చినప్పటి చందా వోచరు కాగితం పోయిందంటే ముందు రాజమండ్రి ఏజెన్సీకి ఫోను చేసి ఏం కావాలో కనుక్కుని వెళ్లండి, ఊరికే ప్రయాణం దండగ కాకుండా. అత్తగారు వాడుతున్న కనెక్షన్ అయితే దాన్ని కదపకండి, ఇక్కడ కొత్తది తీసుకోండి. ఇది పూర్తయ్యేలోపు 5 కిలోల చిన్న సిలిండరు వాడుకోవచ్చు. ఇండేన్ వాళ్లది ఛోటు పేరుతో దొరుకుతుంది. దానికి అడ్రసు ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు.

సిలిండరు ఇంటికొచ్చినప్పుడు రెండు చూడండి. పైన పట్టుకునే రింగును మోసే పట్టీల్లో ఒకదానికి లోపలివైపు అక్షరం, అంకె ఉంటాయి, ‘సి 27’ లాగా. 27 అంటే 2027. ఏ అంటే జనవరి-మార్చి, బి ఏప్రిల్-జూన్, సి జూలై-సెప్టెంబరు, డి అక్టోబరు-డిసెంబరు. ఆ తేదీకి సిలిండరును మళ్లీ పరీక్షించాలని దాని అర్థం. తేదీ దాటిపోయింది ఇస్తే వెనక్కి పంపండి. ఖాళీ సిలిండరు బరువు కూడా దాని మీదే రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే ఎంతో అంత తూగాలి. తూకం వేసి చూపించమని అడగడం మీ హక్కు. నారింజ రంగు గొట్టం ఐదేళ్లకు మార్చాలి, దాని మీద ముద్రించిన సంవత్సరం చూసుకోండి. మీ ఇద్దరి వంటకు పెద్ద సిలిండరు నెలన్నర నుంచి రెండు నెలలు వస్తుంది.

గ్యాసు త్వరగా తెచ్చుకోమనడానికి ఇంకో కారణం కరెంటు బిల్లు. తెలంగాణలో గృహ వినియోగానికి 2022లో వచ్చిన శ్లాబులు ఒక మెట్టు దాటగానే కింది యూనిట్ల రేటు కూడా మారేలా ఉంటాయి. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40 చొప్పున 340, రెండో వందకు 4.80 చొప్పున 480, మొత్తం 820 రూపాయలు. అదే 201 అయితే మొదటి 200కు 5.10 చొప్పున 1,020, చివరి యూనిట్‌కు 7.70, మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు దాదాపు 208 రూపాయల తేడా, ఫిక్స్‌డ్ చార్జీలు కాక. మీ ఇండక్షన్ పొయ్యి రోజుకు గంటంపావు నడిస్తే యూనిట్టున్నర, నెలకు 45 యూనిట్లు. 15 లీటర్ల గీజరు ఒకసారి కాగడానికి 2 కిలోవాట్ల మీద పావుగంట చాలు, అంటే అర యూనిట్. పొద్దున్నే వేసి గంటసేపు మరిచిపోతే థర్మోస్టాట్ కట్ చేస్తుంది గానీ మళ్లీమళ్లీ అంటుకుంటూ ఉంటుంది. బిల్లు కొట్టిన పదో రోజున, ఇరవయ్యో రోజున మీటరు చూడండి. ఇరవయ్యో రోజుకు 130 లోపు ఉంటే 200 దాటరు. ఏసీ వాడే ఏప్రిల్, మే నెలల్లో ఈ లెక్క పనికిరాదు, అప్పుడు దాటుతారు.

బిల్లు ఓనరు పేరునే వస్తుంది. దాని మీది యూఎస్‌సీ నంబరు (కనెక్షన్ నంబరు) రాసిపెట్టుకుని కరెంటు కంపెనీ టీజీఎస్‌పీడీసీఎల్ యాప్‌లో గానీ యూపీఐలో గానీ మీరే నేరుగా కట్టండి. పాతవాళ్ల బకాయి ఏమైనా ఉంటే ఆ నంబరు కొట్టగానే కనిపిస్తుంది.

పప్పు గురించి మీరు మూడుసార్లు రాశారు. పప్పులో లోపం ఉండకపోవచ్చు, నీళ్లు చూడండి. గోదావరి నీళ్లతో వండిన చేతికి ఇక్కడి బోరు నీళ్లు కొత్త. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పుగింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తాయి. గింజ మెత్తబడదు, ఆరు విజిల్స్ వేసినా కవ్వం కింద పలుకుగానే తగులుతుంది. చింతపండు, టమాటా ముందే వేస్తే పులుపు కూడా అదే పని చేస్తుంది. కాబట్టి ఒక గ్లాసు కందిపప్పు కడిగి, ఫిల్టరు నీళ్లలోనో మంజీరా (నగర సరఫరా) నీళ్లలోనో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రెండున్నర గ్లాసుల ఫిల్టరు నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేసి నాలుగైదు విజిల్స్ రానివ్వండి. ఆవిరి దానంతట అది దిగాక ఉప్పు, పులుపు. ఇలా చేసినా పలుకుంటే అప్పుడు పప్పు పాతదని అర్థం, కొట్టు మార్చండి. వంటసోడా వేస్తే ఉడుకుతుంది గానీ రుచి చెడుతుంది, బి1 విటమిన్ పోతుంది. అలవాటు చేసుకోవద్దు.

మీ అపార్ట్‌మెంటులో మంజీరా నీళ్లకు వంటింట్లో వేరే కుళాయి ఉందో, సంపులోనే బోరు నీళ్లతో కలిసిపోతాయో వాచ్‌మన్‌ను అడగండి. ఏ రోజున ఎన్నింటికి వదులుతారో కూడా ఆయనకే తెలుసు. వేరే కుళాయి ఉంటే 20 లీటర్ల మూత డబ్బాలు రెండు కొనండి, వంటకు అవి చాలు. తాగే నీళ్లకు ఆర్‌ఓ పెట్టించేముందు నీళ్లు పరీక్ష చేయించండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు, కాఠిన్యం 200 లోపు ఉంటే మన తాగునీటి ప్రమాణం ప్రకారం బాగున్నట్టే, ఆర్‌ఓ అవసరం లేదు, మామూలు ఫిల్టరు చాలు. ఆర్‌ఓ పెడితే లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ గొట్టం కింద బకెట్టు పెట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి. కుళాయి మూతికి తెల్లగా పేరుకుంటే జల్లెడ విప్పి వెనిగరులో అరగంట ఉంచితే చాలు. గీజరును ఏడాదికోసారి విప్పించి లోపలి పొర గీకించండి. ఆ పొర పేరుకున్నకొద్దీ నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది, కాయిల్ కాలిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా బోర్లు తగ్గుతాయి. అప్పుడు ట్యాంకర్ల ఖర్చు ఫ్లాట్ల మీద ఎలా పంచుతారో అసోసియేషన్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

రాత్రి తిండి బయటి నుంచి రావడానికి అసలు కారణం తొమ్మిదింటికి ఇంట్లో వండడానికి ఏమీ సిద్ధంగా లేకపోవడం. ఆదివారం రెండు గంటలు పెడితే శుక్రవారం దాకా గడుస్తుంది. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ, ఇద్దరికీ మూడు నాలుగు పూటలు వస్తుంది, ఫ్రిజ్‌లో ఐదు రోజులు నిలవ. కందిపొడి ఒక సీసా, చింతపండు గుజ్జు ఉడికించి ఒక డబ్బా, రెండు రోజుల కూరగాయలు తరిగి పెట్టడం. హైదరాబాదు చలి మీకు కొత్త. డిసెంబరు, జనవరిలో పిండి ఎనిమిది గంటల్లో పొంగదు, పన్నెండు పద్నాలుగు గంటలు పడుతుంది. మినప్పప్పుతో అర చెంచా మెంతులు నానబెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసి రుబ్బి, ఉప్పు కలిపి చేత్తో బాగా గిలక్కొట్టి, లైటు వెలిగించిన మూసిన ఓవెన్‌లోనో దుప్పటి చుట్టిన పెద్ద గిన్నెలోనో పెట్టండి.

బియ్యం 26 కిలోల బస్తా తీసుకోండి. 25 కిలోల వరకు ప్యాకెట్ల మీద 2022 జూలై నుంచి జీఎస్టీ పడడంతో మిల్లుల వాళ్లు బస్తాను 26 చేశారు. ఇద్దరికి దాదాపు రెండు నెలలు వస్తుంది. పాత సోనామసూరి అని అడిగి తీసుకోండి, కొత్త బియ్యం కుక్కర్‌లో ముద్దవుతాయి. కూరగాయలకు కూకట్‌పల్లి రైతుబజారు ఆదివారం పొద్దున వెళ్తే వారానికి సరిపడా వస్తాయి. రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. ఇక్కడ మీ ఆనపకాయ సొరకాయ, బంగాళాదుంప ఆలుగడ్డ, వెల్లుల్లి ఎల్లిగడ్డ. ‘అన్నా’, ‘అక్కా’ అని పిలిస్తే ఎక్కడైనా నడుస్తుంది.

ప్రయాణం సంగతి. మీవారికి చందానగర్ స్టేషన్ నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది. హాఫీజ్‌పేట తర్వాత హైటెక్ సిటీయే. రైళ్లు వెంటవెంటనే ఉండవు కాబట్టి పొద్దున రెండు, సాయంత్రం రెండు రైళ్ల వేళలు చూసుకుని రోజును వాటి చుట్టూ అమర్చుకోవాలి. స్టేషన్‌లో దిగాక ఆఫీసు దాకా నడకో షేర్ ఆటోనో. మియాపూర్ నుంచి మెట్రో ఉంది కదా అని చాలామంది చెబుతారు. అది అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మారి, మళ్లీ వెనక్కి రాయదుర్గం రావాలి. మీ ఇంటి నుంచి అది చుట్టుదారి. వానలు గట్టిగా పడి రోడ్లు నిండిన రోజు మాత్రం అదే దిక్కు. మీకు నల్లగండ్ల, గోపన్‌పల్లి మీదుగా విప్రో సర్కిల్ దారి దగ్గర. ఏడున్నరకు, ఎనిమిదికి, తొమ్మిదికి బయల్దేరి ఒక్కోసారి ఎంత పట్టిందో రాసుకోండి. సోమ, శుక్రవారాలు చూసి లెక్కేయకండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఆఫీసుకు ఎక్కువగా వచ్చేది మంగళ, బుధ, గురువారాలు. తేడా చూశాక లాగిన్ వేళను అరగంట ముందుకు జరుపుకోవచ్చేమో మేనేజరును అడగండి. మూడో వారంలో అడిగితే అలవాటైపోతుంది, ఆరో నెలలో అడిగితే మినహాయింపులా కనిపిస్తుంది.

ఆధార్ ఇప్పుడు. గ్యాస్ ఎవరి పేరున వచ్చిందో వారు ముందు మూడు నెలల లోపు గ్యాస్ బిల్లుతో ఆన్‌లైన్‌లో అడ్రసు మార్చుకోండి. కరెంటు బిల్లు ఓనరు పేరున ఉంది కాబట్టి పనికిరాదు. రెండోవారు కుటుంబ పెద్ద పద్ధతిలో, పెళ్లి సర్టిఫికెట్టు జతచేసి అడగవచ్చు. మొదటివారు 30 రోజుల్లో తమ లాగిన్‌లో ఒప్పుకోవాలి, మరిచిపోతే అభ్యర్థన రద్దవుతుంది. మార్చేముందు ఒకటి ఆలోచించుకోండి. తెలంగాణ ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచితం, కానీ తెలంగాణ అడ్రసున్న గుర్తింపు కార్డు చూపాలి. ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఉన్న స్త్రీశక్తి పథకానికి ఆంధ్ర అడ్రసు కావాలి. మీరు రోజూ ఎక్కేది ఇక్కడి బస్సయితే ఇక్కడికే మార్చుకోండి. ఆధార్ మారాక బ్యాంకు, పాన్, ఓటు అన్నీ వరసగా వస్తాయి. ఓటుకు 8వ నంబరు ఫారం, కొత్తగా నమోదు చేసుకునే 6వ నంబరు వేయకండి, రెండుచోట్ల పేరు పడుతుంది.

ఏపీ39 బండికి తొందర లేదు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితేనే నంబరు మార్చాలని మోటారు వాహనాల చట్టం. ఇక్కడే ఉండిపోతామని తేలాక రాజమండ్రి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టి టీజీ నంబరు తీసుకోండి. బండి మీద లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ ముందు. ఈలోపు వచ్చిన నాటి ఆధారం ఒకటి, అంటే ప్యాకర్స్ బిల్లో పార్సిల్ రసీదో, దాచుకోండి.

అగ్రిమెంటు పదో నెల మొదటి వారానికి ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ వారం ఓనరుతో పెంపు మాట్లాడాలి. అది ఆషాఢంలో పడితే మీకు అనుకూలం. ఆ నెలలో ఇళ్లు మారేవాళ్లు తక్కువ, టు-లెట్ బోర్డులు ఎక్కువసేపు వేలాడతాయి, ఓనర్లు పెంపు మీద పట్టుబట్టరు. ఉండేట్టయితే కొత్త అగ్రిమెంటు, కొత్త తేదీ. వెళ్లేట్టయితే ఆ రోజే నోటీసు వాట్సాప్‌లో రాతపూర్వకంగా, కింద మొదటి రోజు తీసిన వీడియో జతచేసి.